ఇంజను దీపము ఆరి వెలుగునపుడు

మోటారు వాహనమును నడుపువాని ఎదుట సూచికల పలక ఒకటి ఉండును. వేగము, పెట్రోలు మట్టము, ఇంజను వేడి మొదలగునవి దానిపై కనుపించును. వానితోపాటు ఇంజను బొమ్మ గల చిన్న పసుపుపచ్చ దీపము కూడ ఒకటి కలదు. దీనికి చెక్ ఇంజను దీపమని వాడుక పేరు. తాళము త్రిప్పగానే ఈ దీపము వెలుగును. ఇంజను నడువ నారంభించిన పిమ్మట ఆరిపోవును. అట్లు ఆరినచో ఇంజనును కనిపెట్టియుండు కంప్యూటరునకు దోషమేదియు కనబడలేదని అర్థము.

ప్రయాణము మధ్యలో ఈ దీపము రెండు విధములుగా వెలుగవచ్చును. నిలుకడగా వెలిగియుండుట మొదటిది. సుమారు సెకనుకు ఒకసారి చొప్పున ఆరుచు వెలుగుచు నుండుట రెండవది. వాహనములు నడుపువారిలో చాలమంది ఈ రెంటికి గల భేదమును గమనింపరు. మొదటిది, త్వరలో పరీక్ష చేయించుమను సలహా. రెండవది, ఈ క్షణముననే హాని జరుగుచున్నదను హెచ్చరిక.

ఈ హెచ్చరికకు మూలమేమి, జరుగు హాని ఎట్టిది, దోషమును కనుగొను మార్గమేది అను విషయములను ఈ వ్యాసములో విచారింతము. పైకి మెకానిక్కు పనివలె కనుపించు ఈ విషయములో మన ఉన్నత పాఠశాలలలో బోధించు రసాయన, భౌతిక శాస్త్ర సూత్రములు అనేకము ఇమిడియున్నవి. అంతకంటె ముఖ్యముగా, లక్షణమును చూచి కారణమును నిశ్చయించుటకు శాస్త్రము అనుసరించు పద్ధతి ఇందు స్పష్టముగా కనుపించును.

సిలిండరులో దహనము

అమెరికాలో రైతులును, వడ్రంగులును, ఇండ్లు కట్టు పనివారును విరివిగా వాడు వాహనము పికప్ ట్రక్కు. ముందు మనుష్యులు కూర్చుండు గది, వెనుక పైకప్పు లేని సామానుల తొట్టి దీనికి ఉండును. ఈ తరగతిలో ప్రసిద్ధికెక్కినది ఫోర్డు ఎఫ్-150. 2004 నమూనా మొదలు 2010 నమూనా వరకు ఈ ట్రక్కునకు అమర్చిన ఇంజనులలో 5.4 లీటర్ల పెట్రోలు ఇంజను ఒకటి. దానికి ఎనిమిది సిలిండర్లు. వరుసకు నాలుగు చొప్పున అవి రెండు వరుసలుగా ఉండును. మన చర్చకు ఈ ఇంజనునే ఉదాహరణముగా గ్రహింతము.

ప్రతి సిలిండరులోను పిస్టను నాలుగు దశలలో పని చేయును. మొదటి దశలో అది క్రిందికి దిగుచు గాలిని, పెట్రోలు తుంపరను లోనికి పీల్చును. రెండవ దశలో పైకి వచ్చుచు ఆ మిశ్రమమును నొక్కును. నొక్కుట పూర్తియగు తరుణములో స్పార్కు ప్లగ్గు కొనల నడుమ విద్యుత్ స్ఫులింగము పుట్టి మిశ్రమము అంటుకొనును. వేడెక్కిన వాయువులు వ్యాకోచించి పిస్టనును బలముగా క్రిందికి నెట్టును. ఇది మూడవ దశ. ఇంజనుకు శక్తి లభించునది ఈ దశయందే. నాలుగవ దశలో పిస్టను మరల పైకి వచ్చి, కాలిన వాయువులను బయటికి వెడలగొట్టును. ఈ నాలుగు దశలు ముగియునప్పటికి క్రాంకు ఇరుసు రెండు చుట్లు తిరుగును. ఆ రెండు చుట్లలో ఎనిమిది సిలిండర్లును వంతుల ప్రకారము మండును గనుక, 90 డిగ్రీలకు ఒక దహనము చొప్పున జరుగును.

ఈ దహనమునకు గాలియు పెట్రోలును ఏ పాళ్లలో ఉండవలెను? పెట్రోలు అనేక హైడ్రోకార్బనుల మిశ్రమము. లెక్క సులభముగా నుండుటకు ఆక్టేను అను ఒక్క పదార్థమునే తీసికొందము. రెండు అణువుల ఆక్టేను 25 అణువుల ఆమ్లజనితో, అనగా ఆక్సిజనుతో, కలిసి 16 అణువుల బొగ్గుపులుసు వాయువును, 18 అణువుల నీటిని ఇచ్చును. దీనిని బట్టి 114 గ్రాముల ఆక్టేనునకు 400 గ్రాముల ఆమ్లజని కావలెను. గాలి బరువులో నూటికి సుమారు 23 పాళ్లు ఆమ్లజని. కావున ఒక గ్రాము ఆక్టేను పూర్తిగా కాలుటకు సుమారు 15 గ్రాముల గాలి అవసరము. ఆల్కహాలు కలపని పెట్రోలునకు ఈ నిష్పత్తి సుమారు 14.7. విద్యార్థులు ఈ లెక్కను స్వయముగా చేసి చూడవచ్చును.

సరియైన మిశ్రమము, తగినంత నొక్కుడు, సకాలములో స్ఫులింగము అను ఈ మూడింటిలో ఏది లోపించినను ఆ సిలిండరులో దహనము సరిగా జరుగదు. దీనినే మన మెకానిక్కులు 'మిస్సింగు' అందురు. అట్టి సిలిండరు తన వంతు వచ్చినపుడు పిస్టనును నెట్టలేదు. పీల్చిన పెట్రోలును, గాలిని కాల్చకయే బయటికి పంపును. బండి వణకును, మెరక ఎక్కునపుడు బలము చాలదు. ఆరి వెలుగు దీపము సాధారణముగా తెలుపునది ఈ మిస్సింగునే.

కంప్యూటరు ఎట్లు పసికట్టును?

ఈ ఇంజనులో దహనమును నేరుగా చూడగల సాధనమేదియు సిలిండరు లోపల లేదు. కంప్యూటరు దానిని పరోక్షముగా ఊహించును. క్రాంకు ఇరుసునకు దంతముల చక్రమొకటి బిగించియుండును. మన ఉదాహరణములోని ఇంజనులో ఆ చక్రముపై 36 దంతములకు చోటు కలదు. కాని ఒక దంతము కావలెననియే తీసివేయబడినది. దంతముల సమీపమున అయస్కాంతము, తీగచుట్ట గల చిన్న సాధనము ఉండును. దంతము దాటినపుడెల్ల అయస్కాంత బలరేఖలు మారి, తీగచుట్టలో విద్యుత్ స్పందనము పుట్టును. ఫారడే 1831లో కనుగొనిన విద్యుదయస్కాంత ప్రేరణమే ఇది. దంతము లేని ఖాళీ దాటునపుడు స్పందనముల నడుమ ఎడము పెరుగును. ఆ ఎడమును గుర్తుగా గొని ఇరుసు ఏ స్థితిలో నున్నదో కంప్యూటరు గ్రహించును.

ఇరుసు నిమిషమునకు 3,000 చుట్లు తిరుగుచున్నదనుకొందము. అప్పుడు సెకనుకు 50 చుట్లు, 200 దహనములు. ఒక్కొక్క దహనమునకు దొరకు కాలము సెకనులో 200వ వంతు మాత్రమే. ఒక సిలిండరులో దహనము తప్పినచో, ఆ 90 డిగ్రీలు తిరుగుటకు ఇరుసునకు రవంత ఎక్కువ కాలము పట్టును. కంప్యూటరు కొలుచునది ఈ ఆలస్యమునే. సిలిండర్లు మండు వరుస 1-3-7-2-6-5-4-8 అని దానికి ముందే తెలియును. కవాటములను నడుపు ఇరుసు వద్ద మరియొక సాధనము ఉండుటచే, రెండు చుట్లలో నడుచుచున్నది ఏ చుట్టో కూడ తెలియును. కావున ఆలస్యము ఏ సిలిండరు వంతున జరిగినదో అది లెక్క కట్టగలదు.

ఈ తప్పిదములను కంప్యూటరు రెండు పద్దులలో లెక్కించును. 1,000 చుట్లకు ఒకసారి చూచు పద్దులో, వాయు కాలుష్యము పరిమితిని మించునంతగా తప్పిదములు పలుమారు కనబడినచో దీపము నిలుకడగా వెలుగును. 200 చుట్లకు ఒకసారి చూచు పద్దులో, పొగగొట్టమునందలి ఉత్ప్రేరకము చెడునంతగా తప్పిదములు కనబడినచో దీపము ఆరి వెలుగును. ఇరుసు నిమిషమునకు 2,000 చుట్లు తిరుగునపుడు ఈ 200 చుట్లకు పట్టు కాలము 6 సెకనులు మాత్రమే. ఇంత తొందరగా లెక్క చూచుటకు కారణము, హాని కూడ అంత తొందరగానే జరుగుట.

హాని జరుగు చోటు

ఈ ఉత్ప్రేరకము వాహనములోనికి ఎందుకు వచ్చెను? 1940 ప్రాంతమునుండి అమెరికాలోని లాస్ ఏంజిలీసు నగరమును కండ్లు మండించు ఒక విధమైన పొగ కమ్ముకొనుచుండెను. వాహనములనుండి, నూనె శుద్ధి కర్మాగారములనుండి వెలువడు హైడ్రోకార్బనులును, నత్రజని ఆక్సైడులును సూర్యకాంతిలో చర్య పొంది ఓజోను మొదలగు వాయువులను పుట్టించుటయే ఇందుకు కారణమని రసాయన శాస్త్రజ్ఞుడు ఆరీ హాగెన్-స్మిట్ 1950 తరువాతి సంవత్సరములలో నిరూపించెను. 1970లో అమెరికాలో వచ్చిన వాయు శుద్ధి చట్టము కారణముగా, 1975 నమూనానుండి అక్కడి కార్లలో చాలవానికి ఉత్ప్రేరక పాత్రలు అమర్చబడెను. ఇంజను తన దోషమును తానే కనిపెట్టి తెలుపవలెనను నిబంధనను మొదట కాలిఫోర్నియా రాష్ట్రము 1988 నమూనా వాహనములనుండి అమలుపరచెను. 1996 నమూనానుండి మరింత కట్టుదిట్టమైన రెండవ పద్ధతి అమెరికాలోని కార్లకును, చిన్న ట్రక్కులకును తప్పనిసరి యయ్యెను. ఈ పద్ధతికి ఓబీడీ-2 అని పేరు. మన దీపము దాని నోటి మాట.

ఉత్ప్రేరక పాత్ర లోపల తేనెపట్టు వంటి పింగాణి దిమ్మ ఉండును. దాని సన్నని రంధ్రముల గోడలకు ప్లాటినము, పల్లాడియము, రోడియము అను ప్రశస్త లోహముల పూత కలదు. పొగలో మిగిలియున్న కొద్దిపాటి హైడ్రోకార్బనులను, కార్బన్ మోనాక్సైడును ఇది నీటిగను, బొగ్గుపులుసు వాయువుగను మార్చును. నత్రజని ఆక్సైడులను నత్రజనిగా మార్చును. ఈ పని అంతయు కొద్దిపాటి మిగులు పదార్థముల కొరకు ఉద్దేశింపబడినది.

ఒక సిలిండరు పూర్తిగా మండుట మానినపుడు పరిస్థితి తారుమారగును. ట్రక్కు గంటకు 8 కిలోగ్రాముల పెట్రోలు వాడుచున్నదని అనుకొందము. ఎనిమిదవ వంతు, అనగా గంటకు ఒక కిలోగ్రాము పెట్రోలు, కాలకుండ ఉత్ప్రేరకమును చేరును. దానితోపాటు కాలుటకు కావలసిన గాలియు ఆ సిలిండరునుండియే వచ్చును. కిలోగ్రాము పెట్రోలు కాలినచో సుమారు 4 కోట్ల 40 లక్షల జౌళ్ల ఉష్ణము పుట్టును. గంటకు 3,600 సెకనులు గనుక, ఇది సుమారు 12,000 వాట్లకు సమానము. మన ఇండ్లలో వాడు 1,000 వాట్ల విద్యుత్ పొయ్యిలు పండ్రెండింటిని ఆ చిన్న పాత్రలో పెట్టి వెలిగించినట్లే.

అప్పుడు పాత్రలోని ఉష్ణోగ్రత 1,000 డిగ్రీల సెంటిగ్రేడును మించిపోవచ్చును. లోహపు పూతలోని సూక్ష్మ కణములు ఒకదానితో నొకటి కలిసిపోయి, చర్య జరుగు ఉపరితలము తగ్గిపోవును. వేడి ఇంకను పెరిగినచో పింగాణి దిమ్మయే కరిగి రంధ్రములు మూసికొనిపోవును. పొగకు దారి లేక ఇంజను ఊపిరాడని స్థితికి వచ్చును. మిస్సింగునకు మూలమైన వస్తువు స్వల్ప ధరలో దొరకునదే కావచ్చును. కాని పాడైన ఉత్ప్రేరక పాత్రను మార్చుటకు దానికి అనేక రెట్లు ఖర్చగును. దీపము నిలుకడగా వెలుగక ఆరి వెలుగుటలోని అంతరార్థము ఇదియే.

నడుపువాడు చేయవలసినది

దీపము ఆరి వెలుగుట మొదలైన వెంటనే యాక్సిలరేటరుపై కాలు సడలింపవలెను. వేగమును, ఇంజనుపై పడు భారమును తగ్గింపవలెను. అంతట దీపము నిలుకడగా వెలిగినచో, మెల్లగా నడుపుచు దగ్గరనున్న మరమ్మత్తు శాలకు పోవచ్చును. కాలు సడలించినను దీపము ఆరి వెలుగుచునే యున్నచో, సురక్షితమైన చోట ఆగి ఇంజనును ఆపుట మంచిది. ఎండుగడ్డి మీద గాని, ఆకులు రాలిన చోట గాని బండిని నిలుపరాదు. క్రిందనున్న ఉత్ప్రేరక పాత్ర వేడికి అవి అంటుకొనవచ్చును.

బ్యాటరీ తీగను ఊడదీసి మరల తగిలించినచో దీపము ఆరిపోవును. కొందరు ఇదియే మరమ్మత్తు అనుకొందురు. కాని దీనివలన పోవునది దోషము కాదు, దోషమును గురించి కంప్యూటరు వ్రాసియుంచిన సమాచారము. జ్వరము కొలుచు గాజుగొట్టమును పగులగొట్టినంత మాత్రమున జ్వరము తగ్గదు గదా!

సంకేతము సాక్ష్యమే, తీర్పు కాదు

చక్రము సమీపమున, పలక క్రింద 16 పిన్నులు గల ఒక కూడలి ఉండును. దానికి చిన్న పఠన యంత్రమును తగిలించినచో కంప్యూటరు వ్రాసియుంచిన సంకేతములు కనబడును. మిస్సింగునకు సంబంధించినవి 'పి 0300' మొదలైనవి. చివరి అంకె సిలిండరు సంఖ్యను తెలుపును. పి 0303 అనగా మూడవ సిలిండరులో మిస్సింగు. పి 0308 అనగా ఎనిమిదవ దానిలో. పి 0300 అనగా ఒకటికంటె ఎక్కువ సిలిండర్లలోనో, నిర్ణయించుటకు వీలు కాకుండనో మిస్సింగు జరుగుచున్నదని అర్థము. దోషము కనబడిన క్షణమున ఇంజను వేగము, వేడి, భారము ఎంత యున్నవో కూడ యంత్రము చూపును. దేనిని తుడిచివేయక ముందే వీటినన్నిటిని కాగితముపై వ్రాసికొనవలెను.

ఇక్కడనే పలువురు పొరపడుదురు. పి 0303 కనబడగానే మూడవ సిలిండరు ఇగ్నిషన్ కాయిలు చెడినదని నిశ్చయించి క్రొత్తది కొనుదురు. అది కుదరకపోయినచో ప్లగ్గు, అదియు కుదరకపోయినచో పెట్రోలును చిమ్ము ఇంజెక్టరు కొనుదురు. సంకేతము ఏ వస్తువునైనను పేరు పెట్టి నిందింపలేదు. మూడవ సిలిండరు వంతున ఇరుసు ఆలస్యముగా తిరిగినదని మాత్రమే అది చెప్పినది. ఒక్కొక్కప్పుడు గతుకుల బాటలో చక్రముల కుదుపు ఇరుసునకు చేరి, కంప్యూటరు దానిని మిస్సింగుగా పొరబడుట కూడ కలదు. చోటు తెలిసినంత మాత్రమున కారణము తెలిసినట్లు కాదు.

మరియొక చిక్కు కలదు. పొగగొట్టములో ఆమ్లజనిని కొలుచు సాధనమొకటి ఉండును. మిస్సింగు జరిగిన సిలిండరునుండి వాడబడని ఆమ్లజని దానిని చేరును. దానిని చూచి కంప్యూటరు, గాలి ఎక్కువై పెట్రోలు తక్కువైనదని తలచి ఇంకను పెట్రోలు పోయవచ్చును. పెట్రోలు చాలదను సంకేతమును కూడ వ్రాయవచ్చును. అట్టి సంకేతము మిస్సింగునకు కారణమో ఫలితమో విచారింపక నమ్మరాదు.

మార్పిడి పరీక్ష

ఒక ఉదాహరణమును ఊహింతము. ట్రక్కు సమతలముపై బాగుగనే నడచుచున్నది. బరువుతో మెరక ఎక్కునపుడు మాత్రము వణకి, దీపము ఆరి వెలుగుచున్నది. సంకేతము పి 0303. మెరకలోనే ఏల? యాక్సిలరేటరు తొక్కిన కొలది సిలిండరులోనికి ఎక్కువ గాలి చేరి, నొక్కినపుడు పీడనము పెరుగును. వాయువులో స్ఫులింగము పుట్టుటకు కావలసిన వోల్టేజి, ఆ వాయువు పీడనముపైనను, కొనల నడుమ నున్న ఎడముపైనను ఆధారపడునని జర్మను శాస్త్రజ్ఞుడు ఫ్రీడ్రిఖ్ పాషెను 1889లో చూపెను. సిలిండరులోని పరిస్థితులలో పీడనము పెరిగినకొలది ఎక్కువ వోల్టేజి అవసరము. బలహీనమైన కాయిలు, అరిగి ఎడము పెరిగిన ప్లగ్గు తక్కువ భారమున ఎట్లో నెట్టుకొనివచ్చి, మెరకలో ఓడిపోవును. కావున స్ఫులింగమును మొదట అనుమానించుట సమంజసము. కాని అనుమానము నిర్ణయము కాదు, పరీక్ష కావలెను.

ఈ ఇంజనులో ప్రతి ప్లగ్గుపైనను ఒక కాయిలు విడిగా ఉండును. ఎనిమిదియు ఒకే విధమైనవి. ఇంజను చల్లారిన పిమ్మట, తాళము తీసివేసి, మూడవ సిలిండరు కాయిలును రెండవ దానిపైకి, రెండవ దాని కాయిలును మూడవ దానిపైకి మార్చవలెను. మరి యేమియు ముట్టరాదు. సంకేతములను తుడిచి, ముందు దోషము కనబడిన పరిస్థితిలోనే కొంచెము దూరము నడిపి చూడవలెను. దీపము ఆరి వెలిగినచో వెంటనే ఆపివేయవలెను. అప్పుడు మూడు ఫలితములలో ఒకటి వచ్చును.

సంకేతము పి 0302గా మారినచో, దోషము కాయిలుతో కూడ కదలినది. కావున కాయిలుగాని, దానిని ప్లగ్గుతో కలుపు రబ్బరు తొడుగుగాని చెడినదని తేలును. సంకేతము పి 0303గనే నిలిచినచో ఆ కాయిలు నిర్దోషి. తరువాత అదే విధముగా ప్లగ్గును మార్చి చూడవలెను. సంకేతమే రాకపోయినచో, తీగల కూడలి వదులై యుండి, ఊడదీసి తగిలించుటలో సరిపడియుండవచ్చును. ఈ మూడవ ఫలితము ముఖ్యమైనది. మార్పిడి చేయక నేరుగా క్రొత్త కాయిలు వేసినచో, కూడలి సరిపడుటవలన కలిగిన గుణమును కాయిలునకు ఆపాదించెడివారము. పాత కాయిలు దోషము లేకుండనే చెత్తకుప్పకు పోయెడిది.

రెండు వస్తువులను ఒకేసారి మార్చినచో ఏది కారణమో తెలియదు. ఒక్కసారి ఒక్క మార్పే చేయవలెనను ప్రయోగశాల నియమము ఇక్కడ డబ్బుగా మారుచున్నది.

ప్లగ్గును చూచుటలో కొన్ని జాగ్రత్తలు అవసరము. కాయిలు పుట్టించు వోల్టేజి అనేక వేలు. ఇంజను నడుచుచుండగా కాయిలును ఊడలాగరాదు. ఈ ఇంజనులో మొదటి సంవత్సరముల ప్లగ్గులు రెండు ముక్కలుగా తయారైనవి. మసి పట్టి బిగిసినపుడు విప్పబోగా అవి విరిగి, క్రింది ముక్క లోపలనే చిక్కుకొనుట తరచు జరిగినది. కావున ఈ పనిని అనుభవజ్ఞునికే విడువవలెను. బయటికి తీసిన ప్లగ్గు తానే కొంత చెప్పును. కొనలు అరిగి ఎడము పెరిగినచో ముసలితనము. పింగాణిపై సన్నని నల్లని గీత యున్నచో విద్యుత్తు ప్రక్కదారి పట్టినది. నూనెతో తడిసినచో పిస్టను రింగులనో కవాటములనో అనుమానింపవలెను. ప్లగ్గు గుంటలో నీరు నిలిచియుండుట కూడ కొన్నిసార్లు కారణమగును.

మిగిలిన కారణములు

స్ఫులింగము సరిగా నున్నదని తేలినచో మిశ్రమమును చూడవలెను. ఇంజెక్టరు పని చేయునపుడు టక్కుటక్కుమను సన్నని శబ్దము వచ్చును. పొడవైన స్క్రూడ్రైవరు కొనను దానిపై ఉంచి, పిడిని చెవికి ఆనించి, ప్రక్కదాని శబ్దముతో పోల్చవచ్చును. దాని తీగచుట్ట నిరోధమును ఓం మీటరుతో కొలిచి మిగిలిన వానితో సరిచూడవచ్చును. ఇంజెక్టరును ఊడదీయుటకు పెట్రోలు పీడనమును ముందు తగ్గింపవలెను గనుక అది మరమ్మత్తు శాలలో జరుగవలసిన పని.

చివరకు నొక్కుడు. ప్లగ్గు రంధ్రములో పీడన మాపకమును బిగించి ఇంజనును త్రిప్పి, ఒక్కొక్క సిలిండరు పీడనమును పోల్చుదురు. ఒకటి మిగిలిన వానికంటె బాగుగా తక్కువైనచో, అందులో చెంచాడు నూనె పోసి మరల కొలుతురు. పీడనము పెరిగినచో రింగులు అరిగినవి. ఏలయనగా నూనె ఆ సందులను పూడ్చినది. పెరగకపోయినచో కవాటము సరిగా మూసికొనుట లేదని అనుమానింపవలెను. ప్రక్కప్రక్కనున్న రెండు సిలిండర్లలో పీడనము తగ్గినచో వాని నడుమ గాస్కెట్టు చెడియుండవచ్చును.

సంకేతము పి 0300 అయినపుడు ఆలోచన దారి మార్చవలెను. ఎనిమిది కాయిళ్లు ఒకేరోజున చెడుట అరుదు. ఎనిమిదింటికిని ఉమ్మడిగా నున్నదేమి? పెట్రోలు పంపు, వడపోత, పెట్రోలులో కలిసిన నీరు, గాలిగొట్టములో పడిన చిల్లు, ఇట్టివి. ఒక వరుసలోని నాలుగింటికే దోషము పరిమితమైనచో, ఆ వరుసకు ఉమ్మడిగా నున్నదానిని వెదకవలెను. ఒక్క సిలిండరునకే అయినచో, ఆ సిలిండరునకు స్వంతమైనదానిని వెదకవలెను.

మరమ్మత్తు తరువాత

దోషము తీరిన పిమ్మట సంకేతములను తుడిచి, ముందు దోషము కనబడిన పరిస్థితులలోనే, అనగా అదే భారముతో, అదే మెరకపై నడిపి చూడవలెను. సమతలముపై నడిపి బాగైనదనుట చాలదు. సంకేతములను తుడువకపోయినను, దోషము లేకుండ వరుసగా మూడు ప్రయాణములు గడచినచో దీపము తానే ఆరును. మిస్సింగు విషయములో ఆ ప్రయాణములు ముందటి పరిస్థితులను పోలియుండవలెను. పి 0420 వంటి సంకేతము తరువాత వచ్చినను, బండి బలము తగ్గినను, పాత్రను తట్టినపుడు లోపల ముక్కలు గలగలలాడినను ఉత్ప్రేరకము దెబ్బతిన్నదేమో పరీక్షింపవలెను. కాని మిస్సింగును తీర్పకముందు క్రొత్త ఉత్ప్రేరకము వేయరాదు. అదియు పాతదాని దారినే పట్టును.

ఇది అమెరికాలోని ట్రక్కులకు మాత్రమే చెందిన విషయము కాదు. మన దేశములోను నాలుగవ భారత్ ప్రమాణములతో 2010 నుండి ఇట్టి స్వయం పరీక్షా పద్ధతి మొదలై, 2013లో మరింత విస్తృతమయ్యెను. 2020 ఏప్రిలు 1 నుండి ఆరవ ప్రమాణములు దేశమంతట అమలులోనికి వచ్చినవి. మన రోడ్లపై తిరుగు పికప్ బండ్లలో అనేకము డీసెలుతో నడచును. డీసెలు ఇంజనులో స్పార్కు ప్లగ్గు లేదు గనుక పైన చెప్పిన కాయిలు పరీక్ష వానికి వర్తింపదు. పెట్రోలుతోను, సి.ఎన్.జి. వాయువుతోను నడచు వానికి సూత్రము ఒక్కటే. అయినను వాహనముతోపాటు ఇచ్చిన పుస్తకములోని సూచనను ముందు చదువుట మేలు.

ఉపాధ్యాయులు ఈ పద్ధతిని ట్రక్కు లేకయే తరగతిలో చూపవచ్చును. బల్బు విప్పుటకు వీలుగల, ఒకే రకపు టార్చి దీపములు రెండు తీసికొని, ఒకదానిలో మాడిన బల్బునో, వాడి పారవేసిన ఘటములనో రహస్యముగా ఉంచవలెను. క్రొత్త వస్తువేదియు ఇవ్వకుండ, రెండు టార్చీలలోని భాగములను ఒక్కసారి ఒక్కటి మాత్రమే మార్చుచు దోషమును కనుగొనుమని విద్యార్థులను కోరవలెను. ప్రతి మార్పునకు ముందు, ఏ ఫలితము వచ్చినచో ఏమి తేలునో వారు వ్రాసిపెట్టవలెను. అట్లు ముందుగా వ్రాయగలిగిన విద్యార్థి, రేపు తన ఎదుట ఏ దీపము ఆరి వెలిగినను తొందరపడి వస్తువులు కొనక, ముందు ప్రశ్న అడుగుట నేర్చుకొనును.